పతకం మీద లెఫ్టినెంట్, జాబితాలో మేజర్: ఒకరే కావచ్చు

మీ దగ్గరున్న పాత బ్రిటిష్ పతకం అంచున పేరుతో పాటు లెఫ్టినెంట్ అని ఉంది, 1887 ఆర్మీ లిస్టులో (సైనిక అధికారుల జాబితా) అదే పేరు మేజర్‌గా కనిపిస్తోంది, ఇద్దరు వేరువేరు మనుషులా అని అడిగారు. ఆ తేడా ఒక్కటే చూసి టెన్షన్ పడకండి.

మీది 1854 నాటి ఇండియా జనరల్ సర్వీస్ మెడల్. ఒక సైనికుడికి ఇది ఒక్కసారే ఇచ్చేవారు. తర్వాత ఇంకో దండయాత్రకు వెళ్తే కొత్త పతకం వచ్చేది కాదు, రిబ్బన్ మీద ఆ దండయాత్ర పేరున్న వెండి పట్టీ ఒకటి అదనంగా చేరేది. అంచున చెక్కిన హోదా మొదటి యుద్ధం నాటిదే, ఆ తర్వాత మార్చేవారు కాదు. పట్టీలు కింద నుంచి పైకి చదవాలి. మీ దాంట్లో కింద ‘లూషాయ్’, అంటే ఇప్పటి మిజోరం కొండల్లో 1871-72 దండయాత్ర. టీ తోట మీద దాడి చేసి వించెస్టర్ అనే దొరను చంపి, అతని చిన్న కూతుర్ని ఎత్తుకెళ్లిన తర్వాత జరిగింది. పైన ‘బర్మా 1885-7’.

మీరు చెప్పినట్టు 1866లో చేరి స్టాఫ్ కోర్‌లో (బ్రిటిష్ ఇండియా సైన్యంలోని అధికారుల విభాగం) ఉంటే, అక్కడ పన్నెండేళ్ల సర్వీసుకు కెప్టెన్, ఇరవయ్యేళ్లకు మేజర్ అయ్యేవారు. లెక్క సరిగ్గా కుదురుతోంది.

అయినా పేరు ఒక్కటే నమ్మొద్దు. హార్ట్ అనే ఆయన పేరుతో వచ్చిన ఆర్మీ లిస్టులో యుద్ధ సేవల వివరం చూడండి. రెండు పట్టీలకూ పతకాల రోల్స్ (ఎవరికి ఇచ్చారో రాసిన జాబితాలు) లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో వెతకండి. ఆయన 1878-80 ఆఫ్ఘన్ యుద్ధంలోనూ ఉంటే దానికి వేరే పతకం ఉండాలి.