న్యూయార్క్‌లో ఎక్కడ తినాలి? కడప నుంచి వెళ్లే తమ్ముడికి

"అక్కా, ఆగస్టులో చదువుకోవడానికి న్యూయార్క్ వెళ్తున్నాను. వంట పెద్దగా రాదు. జేబుకు భారం కాకుండా కడుపునిండా తినే మంచి రెస్టారెంట్లు ఎలా వెతుక్కోవాలి?"

నేను కడపకు వచ్చిన ప్రతి వేసవిలోనూ ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. కర్నూలు, అనంతపురం నుంచి తల్లిదండ్రులు ఫోను చేసి మరీ అడుగుతారు. పిల్లవాడు అక్కడ ఏం తింటాడోనన్న బెంగ వాళ్లది. అందుకే ఈసారి వివరంగా రాస్తున్నాను.

తమ్ముడూ, కడపలో కారం దోసె తినాలనుకుంటే నువ్వు ఏ బండి దగ్గర ఆగుతావు? బోర్డు చూసి ఆగవు. పెనం ఒక్క నిమిషం కూడా ఖాళీగా ఉండని చోట ఆగుతావు. దోసె మీద ఎర్రకారం పూసి, పప్పుల పొడి చల్లి, వెన్న వేసి మడిచేలోపు ఇంకో నలుగురు వచ్చి నిలబడే చోట ఆగుతావు. న్యూయార్క్‌లోనూ నీకు కావలసింది ఆ చూపే. అది ఏ దేశపు వంటో ఆ దేశం వాళ్లే వచ్చి తింటున్నారా, వండింది వండినట్టు ఖర్చవుతోందా అన్నవి చూడు. టాక్సీ నడిపేవాళ్లు, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగినవాళ్లు, దుకాణాల్లో పనిచేసేవాళ్లు రోజూ తినే చోట ధర ఇష్టం వచ్చినట్టు పెంచడం కుదరదు, రుచి తగ్గితే ఊరుకోరు. టైమ్స్ స్క్వేర్ చుట్టుపక్కల తినేవాళ్లు ఎక్కువగా ఊరు చూడవచ్చిన పర్యాటకులు, వాళ్లలో చాలామంది మళ్లీ రారు. అక్కడి ధరలకూ రుచికీ కారణం అదే.

కాబట్టి తిండి కోసం రైలెక్కడం అలవాటు చేసుకో. న్యూయార్క్ సబ్‌వేలో, అంటే అక్కడి మెట్రో రైల్లో, ఎంత దూరం వెళ్లినా టికెట్టు ఒకటే ధర. అందులోనూ 7వ నంబరు రైలును నేను ఎవరికైనా మొదట చెబుతాను. నగరం నడిబొడ్డయిన మాన్‌హట్టన్‌లో ఎక్కితే నది కింద నుంచి వెళ్లి, అవతలి క్వీన్స్ ప్రాంతంలో వంతెన మీదికి వచ్చి, ఫ్లషింగ్ దాకా పోతుంది. దారిలో జాక్సన్ హైట్స్ దగ్గర 74వ వీధి స్టేషనులో దిగు. 74వ వీధిలో మనవాళ్ల నగల దుకాణాలు, చీరల దుకాణాలు, పచారీ కొట్లు ఉంటాయి. పక్కనున్న 73వ వీధిలో బంగ్లాదేశీయుల హోటళ్లు. అద్దాల వెనుక వరుసగా పళ్లాల్లో కూరలు, వేపుళ్లు, చేపలు పెట్టి ఉంటాయి. పేర్లు తెలియకపోతే వేలితో చూపించు, అన్నం మీద వడ్డించి ఇస్తారు. పచ్చిమిరపకాయ అడిగితే విసుక్కోకుండా ఇచ్చే చోటు అది. ఆ చుట్టుపక్కలే నేపాలీలు, టిబెటన్లు ఆవిరి మీద మోమోలు ఉడికిస్తుంటారు. వాటితో ఇచ్చే ఎర్ర చట్నీని మన నాలుక వెంటనే ఒప్పుకుంటుంది.

అదే రైల్లో చివరిదాకా వెళ్తే ఫ్లషింగ్. అక్కడి మెయిన్ స్ట్రీట్ చుట్టూ ఉన్నది పెద్ద చైనా బస్తీ. కొన్ని మాల్స్‌లో కింది అంతస్తంతా చిన్న చిన్న తిండి దుకాణాలే. అక్కడ ఒక మనిషి పిండి ముద్దను రెండు చేతులతో సాగదీసి, బల్ల మీద టపటపా కొట్టి, మడిచి మళ్లీ సాగదీస్తూ, చూస్తుండగానే దారాల్లాంటి నూడుల్స్ చేసి మరిగే నీళ్లలో వేస్తాడు. వాటి మీద జీలకర్ర, ఎండుమిర్చి దట్టించి వేయించిన గొర్రె మాంసం పెట్టించుకో. వాయవ్య చైనాలోని షియాన్ వైపు వంట అది. రాయలసీమ మనిషికి అందులో కొత్తేమీ అనిపించదు. సిచువాన్ వంట మాత్రం వేరు. వాళ్లు వేసే ఒక రకం మిరియం వల్ల నాలుక తిమ్మిరెక్కుతుంది, భయపడకు.

ఫ్లషింగ్‌లోనే బౌన్ స్ట్రీట్‌లో గణేశుడి గుడి ఉంది. 1977లో ప్రతిష్ఠ జరిగింది. గుడి కింది అంతస్తులో క్యాంటీన్ నడుస్తుంది. దోసెలు, ఇడ్లీలు, వడలు, సాంబారు అన్నీ శాకాహారమే, కౌంటరు దగ్గర డబ్బు కట్టి మనమే తెచ్చుకోవాలి. వారాంతంలో రద్దీ ఎక్కువ. చేరిన మొదటి నెలలో ఒకసారి వెళ్లి రా. మన భాషలో నాలుగు మాటలు వినపడతాయి, ఇంటికి ఫోను చేసి అమ్మకు చెప్పడానికీ బాగుంటుంది.

మాన్‌హట్టన్‌లోనే దక్షిణాది భోజనం కావాలంటే లెక్సింగ్టన్ అవెన్యూ మీద 26 నుంచి 29వ వీధి దాకా నడువు. 6వ నంబరు రైల్లో 28వ వీధి స్టేషనులో దిగితే చాలు. అక్కడి కొన్ని దక్షిణాది హోటళ్లకు కోషర్ ధ్రువపత్రం, అంటే యూదుల ఆహార నియమాల ప్రకారం వండుతున్నారని చెప్పే పత్రం, ఉంటుంది. శాకాహార హోటలుకు ఆ పత్రం ఉందంటే, వంటింట్లోకి మాంసం రాకుండా బయటి నుంచి ఒకరు కనిపెట్టి చూస్తున్నారని అర్థం. మడి, ఆచారం పాటించే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఇది పెద్ద ధైర్యం.

తెలుగువాళ్ల బిర్యానీ, నాటుకోడి కూర అంటావా, అవి ఎక్కువగా నది దాటి న్యూజెర్సీలో దొరుకుతాయి. జెర్సీ సిటీలో జర్నల్ స్క్వేర్ దగ్గరి న్యూవార్క్ అవెన్యూ, ఇంకా దూరంలో ఎడిసన్‌లోని ఓక్ ట్రీ రోడ్ పేరున్నవి. వాటికి సబ్‌వే టికెట్టు పనికిరాదు, వేరే రైళ్లు. నా అభిప్రాయం అడిగితే, పండక్కో, ఊరి మీద బెంగ పుట్టినప్పుడో స్నేహితులతో కలిసి వెళ్లు. మెనూలో రెండు వందల రకాలు రాసిన హోటలులో మాత్రం జాగ్రత్త. అన్ని రకాలు రోజూ తాజాగా వండడం ఏ వంటింటికీ సాధ్యం కాదు.

మనవాళ్లలో చాలామందికి తెలియనిది స్టాటెన్ ఐలాండ్, న్యూయార్క్ నగరంలోనే భాగమైన దీవి. మాన్‌హట్టన్ దక్షిణపు కొస నుంచి అక్కడికి వెళ్లే పడవ ఉచితం. దారిలో స్వేచ్ఛా ప్రతిమ కనపడుతుంది. అవతల దిగాక టాంప్కిన్స్‌విల్ దగ్గర విక్టరీ బౌలెవార్డ్ మీద శ్రీలంక వాళ్ల హోటళ్లున్నాయి. అక్కడ బియ్యప్పిండితో సేమియాలా చేసే ఇడియాప్పం, కొబ్బరికోరులో ఎండుమిర్చి కలిపి దంచిన సంబల్, రొట్టెను ముక్కలు చేసి గుడ్డు, కూరలతో పెనం మీద చప్పుడు చేస్తూ కొట్టే కొత్తు దొరుకుతాయి. కారం తగ్గించమని అక్కడ నేనే అడుగుతుంటాను! వారాంతాల్లో కొన్నిచోట్ల ఒకే ధరకు కావలసినంత పెట్టుకునే బఫే ఉంటుంది. పడవకు డబ్బు లేదు కాబట్టి ఆదివారం నలుగురు కలిసి వెళ్తే ఖర్చంతా తిండికే.

నలుగురు కలిసినప్పుడు ఇథియోపియా హోటలు కూడా మంచిది. దోసెలా పులియబెట్టి పోసిన ఇంజెరా అనే పెద్ద అట్టు మీద పప్పులు, కూరలు కుప్పలుగా వడ్డిస్తారు. అందరూ ఒకే పళ్లెంలో చేత్తో తుంచుకుని తినాలి. వాళ్ల మతంలో బుధ, శుక్రవారాలు ఉపవాస దినాలు, మాంసమూ పాలూ ముట్టరు. అందుకే శాకాహారం అంటే వాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు.

కాలేజీ రోజుల్లో ఇంత దూరం తిరగలేవు, నిజమే. మధ్యాహ్నం భోజనాన్నే పెద్ద భోజనం చేసుకో. చైనా, థాయ్, భారతీయ హోటళ్లు చాలావరకు పనిదినాల్లో మూడింటిదాకా తక్కువ ధరకు లంచ్ స్పెషల్ ఇస్తాయి. అదే కూర రాత్రికి ఎక్కువ పలుకుతుంది. మిగిలితే డబ్బాలో కట్టించుకో, అక్కడ ఎవరూ తప్పుగా అనుకోరు. రోడ్డు పక్క హలాల్ బండ్ల మీద కోడిమాంసం, అన్నం సుమారు 10 డాలర్లు. కర్నూలు, కడప నుంచి వచ్చే మన ముస్లిం పిల్లలకు ఊరంతా హలాల్ తిండి దొరుకుతుంది. మరీ హడావిడిగా ఉంటే పిజ్జా ముక్క ఉండనే ఉంది.

ఇక్కడే కొన్ని జాగ్రత్తలు. పిజ్జా మీద పెప్పరోని సాధారణంగా పంది, గొడ్డు మాంసాలతో చేసింది. థాయ్ కూరల్లో చేపల రసం, బొప్పాయి సలాడ్‌లో ఎండు రొయ్యలు ఉంటాయి. చైనా వాళ్ల టోఫు కూర ఒకటి, మాపో అంటారు, అందులో తరచూ పంది కీమా పడుతుంది. మెక్సికో వాళ్ల ఉడికించిన చిక్కుడు గింజల్లో పంది కొవ్వు ఉండవచ్చు. "నేను శాకాహారిని" అని ఊరుకుంటే చాలదు. చేప వద్దు, మాంసం ఉడికించిన నీళ్లు వద్దు అని ఒక్కొక్కటీ అడుగు. మొహమాటపడకు, వాళ్లకు ఇది రోజూ వినే ప్రశ్నే.

హోటలు గుమ్మం దగ్గర అద్దం మీద నగరపాలక ఆరోగ్య శాఖ వాళ్ల పెద్ద అక్షరం కనపడుతుంది. 2010 నుంచి ఉన్న పద్ధతి ఇది. తనిఖీలో తప్పులకు వేసిన పాయింట్లు 13 లేదా అంతకంటే తక్కువ ఉంటే 'ఎ', 28 లేదా అంతకు మించితే 'సి'. అది శుభ్రతకు మార్కు, రుచికి కాదు. బండ్లకూ ఈ అక్షరాలు ఇస్తున్నారు. 'సి' ఉన్న చోట నేను గడప తొక్కను.

బిల్లు సంగతి. మెనూలో 15 డాలర్లుంటే నువ్వు కట్టేది 15 కాదు. అమ్మకం పన్ను 8.875 శాతం, వడ్డించినవారికి టిప్పు 18 నుంచి 20 శాతం. అంతా కలిస్తే 19 దాటుతుంది. టిప్పు ఎగ్గొట్టవద్దు తమ్ముడూ. టిప్పు వస్తుందన్న లెక్కతోనే అక్కడ వడ్డించేవాళ్లకు తక్కువ జీతం ఇవ్వడానికి చట్టం ఒప్పుకుంటుంది. ఎక్కువమంది కలిసి వెళ్తే టిప్పు ముందే బిల్లులో కలిపి ఉండవచ్చు, చూసుకుని సంతకం పెట్టు. కౌంటరు దగ్గర నువ్వే తెచ్చుకుని తినే చోట డబ్బు కట్టే యంత్రం తెర మీద టిప్పు అడిగినా అది నీ ఇష్టం. నీళ్లు అడిగేటప్పుడు ట్యాప్ వాటర్ అని చెప్పు. డబ్బు తీసుకోరు, ఆ నీళ్లు మంచివి. ఇంటికి తెచ్చిచ్చే యాప్‌లలో ధరలు తరచూ మెనూ కంటే ఎక్కువ, దాని మీద రుసుములు అదనం. నడిచివెళ్లి తెచ్చుకో.

ప్రతి డాలరునూ రూపాయల్లోకి మార్చి చూసుకుని పస్తులుండే పిల్లలను నేను చూశాను. చలికాలంలో ఒంటరిగా, అర్ధాకలితో చదువు సాగదు. రోజుకు ఒక్క పూటైనా వేడిగా, కడుపునిండా తిను.

చివరగా అమ్మకు ఒక మాట చెప్పు. కారప్పొడి, వేరుశనగ పొడి, నల్లకారం గట్టిగా మూత పెట్టి సర్దమను. బయటి తిండి చప్పగా అనిపించినప్పుడు అన్నిటికంటే అక్కరకొచ్చేవి అవే. మటన్, చికెన్ పచ్చళ్లు మాత్రం పెట్టవద్దను. మాంసంతో చేసినవి అమెరికా కస్టమ్స్ వాళ్లు రానివ్వరు. పొడులైనా, మామిడి ఊరగాయైనా అడిగినప్పుడు దాచకుండా చెప్పు. దాచి దొరికితే జరిమానా పడుతుంది.