మీ అమ్మకు మాట వినిపించే స్పీకరు

తెనాలి

చిరంజీవి అమ్మడికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

మొదటి జీతంతో ఇంట్లోకి స్పీకరు కొనబోతున్నావని, అందులో నీ ఫోను పాటలూ వినాలి, చెవి తగ్గిన మీ అమ్మ చూసే టీవీలో మాటలూ స్పష్టంగా రావాలి అని నీ ఆలోచన అని చెల్లాయి ఫోనులో చెప్పినప్పటి నుంచి నాకు ఎంత సంతోషమో అంత గుబులుగానూ ఉంది. ముప్పై ఏళ్లు రేడియోలూ టేప్ రికార్డర్లూ బాగుచేసి బతికినవాణ్ణి, ఈ ఒక్క విషయంలో నా మాట విను.

యాక్టివ్ స్పీకరు తీసుకో. అందులో శబ్దాన్ని పెంచే ఆంప్లిఫయరు డబ్బాలోనే ఉంటుంది గనుక అది వేరే కొననక్కరలేదు. మీ హాలు చిన్నది. లావు శబ్దాలకు నాలుగు అంగుళాల వూఫరూ, దానిపైన సన్నని శబ్దాలకు చిన్న ట్వీటరూ ఉన్న జత చాలు. వాట్ల దగ్గర మాత్రం ఆర్ఎంఎస్ అని రాసిన అంకెనే, అంటే స్పీకరు ఆగకుండా ఇవ్వగలిగిన శక్తినే చూడు, ఒక్కొక్క డబ్బాకు 20 నుంచి 30 ఉంటే సరిపోతుంది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మీ తాతయ్య. 1997లో ఆయనకు వినికిడి తగ్గి, సాయంత్రం దూరదర్శన్ వార్తలు అందడం లేదని, 1,200 వాట్లు పీఎంపీఓ అని అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసిన స్పీకర్ల జతను ఒక కొట్లో కొని తెచ్చాను. పీఎంపీఓ అంటే ఒక్క క్షణం పాటు ఇవ్వగలదని చెప్పుకునే శక్తి అని, దానికి ఒక కొలత పద్ధతంటూ లేదని, ఎవరికి తోచిన అంకె వారు వేసుకుంటారని నాకు తెలుసు. డబ్బా వెనక చీటీ మీద అది వాడుకునే కరెంటు 35 వాట్లని రాసి ఉండటం కూడా చూశాను. 35 తీసుకునేది 1,200 ఎక్కడి నుంచి తెచ్చి ఇస్తుందని ఆగి ఆలోచించవలసినవాణ్ణి, కొట్టువాడు పాట పెట్టగానే గల్లాపెట్టె మీది టీ గ్లాసు అదిరితే ఆ అదురుకే మురిసిపోయాను.

ఇంటికి తెచ్చి టీవీకి తగిలించి వార్తలు పెడితే, చదివే ఆవిడ కుండలో తలపెట్టి మాట్లాడుతున్నట్టు వినిపించింది. ఎలా ఉంది నాన్నా అని అడిగితే, బాగుందిరా అన్నారు. నెల తరువాత ఒకనాడు పెందలాడే ఇంటికి వచ్చేసరికి, ఆయన టీవీ పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, చెవి వెనక అరచెయ్యి పెట్టుకుని, టీవీ పక్కనున్న సన్నని చిల్లులకు చెవి ఆనించి వార్తలు వింటున్నారు. నా స్పీకర్ల స్విచ్ కట్టేసి ఉంది. నన్ను చూడగానే గబగబా లేచి ఆ స్విచ్ వేశారు. కొడుకు చిన్నబుచ్చుకుంటాడని ఆయన పడిన కంగారు నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది అమ్మడూ.

వయసుతో తగ్గే వినికిడి ముందు సన్నని శబ్దాల దగ్గర తగ్గుతుంది. అచ్చులు లావుగా, బలంగా వినిపిస్తూనే ఉంటాయి. మాటకూ మాటకూ తేడా చూపే స, శ, త, చ వంటి హల్లుల ఆనవాళ్లు ఎక్కువగా 2,000 హెర్ట్జ్‌లకు పైన సన్నగా ఉంటాయి, కాబట్టి అవే ముందు పోతాయి. ‘చెరువు’కూ ‘తెరువు’కూ తేడా తెలియని మనిషికి లావు శబ్దాల హోరు పెంచితే, మిగిలిన ఆ కాస్త హల్లునూ హోరు కప్పేస్తుంది. నేను మీ తాతయ్యకు చేసింది అదే. అందుకని నువ్వు కొట్లో పాట పెట్టించుకోవద్దు. వార్తలు పెట్టించుకుని, శబ్దం బాగా తగ్గించి, పది అడుగుల దూరాన వెనక్కి తిరిగి నిలబడి, శ, ష, స మూడూ విడివిడిగా వినిపిస్తున్నాయో లేదో చూడు.

ఫోనుకు బ్లూటూత్ వాడుకో, టీవీకి మాత్రం వైరే వెయ్యి. బ్లూటూత్‌లో శబ్దాన్ని కుదించి, పంపి, మళ్లీ విప్పేసరికి సెకనులో పదోవంతు నుంచి ఐదోవంతు దాకా ఆలస్యం కావచ్చు. పాటకు ఫర్వాలేదు కానీ, టీవీలో పెదవి ముందు కదిలి మాట వెనక వస్తుంది. చెవి తగ్గినవారు తమకు తెలియకుండానే పెదవులు చూసి మాట పోల్చుకుంటారు గనుక మీ అమ్మకు ఆ ఆధారమూ పోతుంది. టీవీ వెనక ఏఆర్‌సీ అని రాసిన హెచ్‌డీఎంఐ సాకెట్టు, అంటే టీవీ శబ్దాన్ని స్పీకరుకు పంపేది, ఉందేమో చూసి, స్పీకరుకూ అదే ఉన్నది తీసుకో. సీఈసీ సెట్టింగు వేస్తే టీవీ రిమోటుతోనే శబ్దం తగ్గించుకోవచ్చు, మీ అమ్మ రెండో రిమోటు కోసం వెతుక్కోనక్కరలేదు. ఆప్టికల్ వైరే దిక్కయితే టీవీ సెట్టింగులో శబ్దాన్ని పీసీఎంకు, అంటే కుదించకుండా పంపే పద్ధతికి, మార్చు, లేకపోతే కొన్ని స్పీకర్లు అసలు పలకవు.

డబ్బాలను బీరువా అరలో దూర్చకుండా, ట్వీటరు కూర్చున్న మనిషి చెవి ఎత్తున, వెనక గోడకు జానెడు ఎడంగా ఉండేట్టు పెట్టు. మూడు పిన్నుల ప్లగ్గు వస్తే ఎర్త్ పిన్ను ఎవరు చెప్పినా విరవనివ్వకు. వైరు నడిచేదారికి అడ్డంగా వెయ్యవద్దు తల్లీ, రాత్రిపూట మీ అమ్మ లైటు వేసుకోకుండా మంచినీళ్లకు లేస్తుంది. గోడ వెంబడి మేకులు కొట్టించి పోనియ్యి.

బిగించాక ఆమెను తన కుర్చీలో కూర్చోబెట్టి వార్తలు పెట్టు. ఎలా ఉందని అడిగితే మీ అమ్మ కూడా బాగుందనే అంటుంది, ఆ తండ్రి కూతురే కదా. వార్తల్లో ఏం చెప్పారో అడుగు.

ఇట్లు,
మీ మావయ్య