సాయానికి వచ్చే బలగం కన్నా ముందు నువ్వు సిద్ధంగా ఉండాలి

చిరంజీవి మేనకోడలికి, మావయ్య ఆశీస్సులు.

పరవాడ వైపు స్టేషన్ ఫైర్ ఆఫీసర్‌గా వేశారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం వేసింది, కొంచెం టెన్షన్ కూడా పట్టుకుంది. చుట్టూ ఫార్మా కంపెనీలు, రాత్రీపగలూ తిరిగే ట్యాంకర్లు, ప్రహరీగోడల్ని ఆనుకునే ఊళ్ళు. మంటల సంగతి నీకు ట్రైనింగ్‌లో బాగానే నేర్పి ఉంటారు. నేను రాసేది వేరే సంగతి. గ్యాస్ లీకయ్యో, రసాయనం ఒలికో, మన మనుషులూ మన సామానూ చాలక ఎన్డీఆర్ఎఫ్‌నో (జాతీయ విపత్తు స్పందన దళం) నేవీనో ఆర్మీనో పిలవాల్సి వస్తే నువ్వేం చెయ్యాలన్నది. పెద్ద బలగం దిగింది కదా, ఇక మన పనైపోయిందని పక్కకి తప్పుకున్న స్టేషన్లని చూశాను. అది తప్పమ్మా. వాళ్ళు వచ్చాకే మన పని రెట్టింపవుతుంది.

ముందు ఒక లెక్క మనసులో పెట్టుకో. ఎన్డీఆర్ఎఫ్ పదో బెటాలియన్ ఉండేది గన్నవరం దగ్గర కొండపావులూరులో. విశాఖలో వాళ్ళ బృందం ఒకటి ఉంటుంది గానీ, రసాయన ప్రమాదాల్లో బాగా చెయ్యితిరిగిన వాళ్ళు దూరం నుంచి రావాల్సి రావచ్చు. 2020 మే 7న తెల్లవారుజామున మూడింటి ప్రాంతంలో విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ కంపెనీ ట్యాంకు నుంచి లీకై, పక్కనున్న ఆర్ఆర్ వెంకటాపురం మీద ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ ఆవిరి కమ్ముకున్నప్పుడు అదే జరిగింది. నిపుణుల బృందం పుణె నుంచి విమానంలో రావాల్సి వచ్చింది. ట్యాంకులో మిగిలిన స్టైరీన్ గట్టిపడుతూ వేడెక్కకుండా ఆపే రసాయనం గుజరాత్ నుంచి వచ్చింది. ఆ ఘోరంలో 12 మంది పోయారు, వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. రోడ్ల మీద పడిపోయినవాళ్ళని చీకట్లో ఎత్తి బండ్లెక్కించింది ఇరుగుపొరుగు, పోలీసులు, మనవాళ్ళూ. మొదటి గంటలు ఎప్పుడూ నీవే. ఆ గంటల్లో నువ్వు కూడబెట్టిన సమాచారం మీదే తర్వాత వచ్చేవాళ్ళ పనంతా ఆధారపడుతుంది.

ఆ సమాచారంలో మొదటిది రసాయనం పేరు. 1984 డిసెంబరులో భోపాల్ ఆసుపత్రుల్లో డాక్టర్లకి, తాము వైద్యం చేస్తున్నది ఏ గ్యాస్ పీల్చినవాళ్ళకో సరిగ్గా చెప్పేవాడు లేకపోయాడు. ఇన్నేళ్ళయినా ఆ మాట తలుచుకుంటే నా కడుపు రగిలిపోతుంది. నీ పరిధిలోని ప్రతి కంపెనీకి ఇప్పుడే వెళ్ళు, లీక్ అయ్యాక కాదు. ఏ ట్యాంకులో ఏముంది, గరిష్ఠంగా ఎంత, ఏ వాల్వ్ మూస్తే ఆగుతుంది, షిఫ్ట్ ఇన్‌ఛార్జి ఫోన్ నంబరేది, అన్నీ ఒక పుస్తకంలో రాసుకో. సైరన్ మోగుతుందో లేదో నీ కళ్ళ ముందు మోగించి చూపించమను. వెంకటాపురంలో ఆ రాత్రి సైరన్ మోగలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీయే తేల్చింది. రోడ్డు మీద ట్యాంకరైతే వెనకా పక్కలా ఉండే ప్యానెల్ మీద నాలుగంకెల యూఎన్ నంబరు చూడు, ఒక్కో ప్రమాదకర రసాయనానికి ఒక్కో నంబరు ఉంటుంది. క్లోరిన్ 1017, అమ్మోనియా 1005, స్టైరీన్ 2055. దానిపైన ఉండే కోడ్ చివర 'ఈ' అనే ఇంగ్లీషు అక్షరం ఉందంటే, చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించే సంగతి ఆలోచించమని అర్థం. అది దూరం నుంచి బైనాక్యులర్స్‌తో చదవాలి. దగ్గరికెళ్ళి చదివినవాడు మనకి ఇంకో పేషెంట్ అవుతాడు.

క్లోరిన్ గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నీళ్ళ ప్లాంటుల్లో ఎక్కడ చూసినా 900 కిలోల క్లోరిన్ పట్టే పెద్ద సిలిండర్లే, వాటినే టన్నర్లంటారు. అడ్డంగా పడుకోబెట్టిన టన్నర్‌కి ఒకవైపు రెండు వాల్వులుంటాయి. ఒకదానిమీద ఒకటిగా నిలువు వరుసలో ఉన్నప్పుడు పైదాన్నుంచి గ్యాస్ వస్తుంది, కిందిదాన్నుంచి ద్రవం వస్తుంది. ద్రవ క్లోరిన్ ఆవిరైతే దాదాపు 450 రెట్లు పెరుగుతుంది. కాబట్టి కింది వాల్వ్ కారుతుంటే బీఏ సెట్ (వీపున గాలి సిలిండరుతో ఉండే శ్వాస పరికరం) వేసుకున్న మనవాళ్ళు టన్నర్‌ని దొర్లించి కారే వాల్వ్‌ని పైకి తెచ్చినా చాలు, ఊళ్ళోకి వెళ్ళే గ్యాస్ ఎంతో తగ్గిపోతుంది. కారే చోట నేరుగా నీళ్ళు కొట్టనివ్వకు, ఆసిడ్ తయారై లోహాన్ని తినేసి రంధ్రం పెద్దదవుతుంది. బలగం వచ్చీరాగానే టీమ్ కమాండర్ అడిగేది ఇదే. కారుతోంది గ్యాసా, ద్రవమా? వాల్వ్ దగ్గరా, టన్నర్ ఒంటికే చిల్లు పడిందా? ఆ మాటకి నీ దగ్గర జవాబుంటే వాళ్ళకి అరగంట కలిసొస్తుంది.

వాళ్ళని ఎక్కడ దింపుతావన్నది కూడా ముందే ఆలోచించుకో. గాలికి ఎదురువైపు అని పుస్తకాల్లో ఉంటుంది. మన తీరంలో గాలి ఒకేలా ఉండదు కదా. రాత్రి నేల మీంచి సముద్రం వైపు, పొద్దెక్కాక సముద్రం మీంచి ఊరి వైపు తిరుగుతుంది. తెల్లవారుజామున సేఫ్ అనుకున్న మైదానం పది గంటలకల్లా గ్యాస్ దారిలోకి రావచ్చు. అందుకని ప్రతి కంపెనీకీ రెండు వైపులా రెండు జాగాలు చూసి పెట్టుకో. పెద్ద లారీలు తిరగగలగాలి, నీళ్ళుండాలి, కాస్త నీడుండాలి. క్లోరిన్, స్టైరీన్ లాంటివి గాలి కన్నా బరువు. గెడ్డల్లోకి, డ్రైన్లలోకి దిగి అక్కడే కూర్చుంటాయి. పల్లం ఏదో మెరక ఏదో బయటినుంచి వచ్చినవాళ్ళకి ఎలా తెలుస్తుంది? ఆ చుట్టుపక్కల పుట్టిపెరిగిన ఫైర్‌మ్యాన్‌ని ఒకణ్ణి, హిందీ వచ్చినవాణ్ణి, టీమ్ కమాండర్ పక్కనే పెట్టు. ఎన్డీఆర్ఎఫ్ వాళ్ళు బీఎస్ఎఫ్, సీఆర్పీఎఫ్ లాంటి దళాల నుంచి డెప్యుటేషన్ మీద వచ్చినవాళ్ళు, ఎక్కడెక్కడి రాష్ట్రాల పిల్లలో. వీధి పేర్లు, మంచం దిగలేని ముసలివాళ్ళున్న ఇళ్ళు, తలుపు తియ్యని ఇళ్ళు చెప్పాల్సింది మనమే.

సైనికుల సామాను చూసి బెదిరిపోకు, అలాగని గుడ్డిగా నమ్మకు కూడా. వాళ్ళ డిటెక్టర్లలో కొన్ని యుద్ధంలో వాడే విష వాయువుల్ని పట్టడానికే చేసినవి. ఫ్యాక్టరీ రసాయనం దగ్గర అవి మోగకపోతే గాలి శుభ్రంగా ఉందని కాదు. మాస్కులకి బిగించే ఫిల్టర్లూ అంతే. యుద్ధ వాయువుల కోసం చేసినవాటిని అమ్మోనియా దగ్గర నమ్ముకోలేం, గాలిలో ఆక్సిజన్ తగ్గిన చోట ఏ ఫిల్టరూ పనికిరాదు. "సార్, మీ మీటర్ ఈ గ్యాస్‌ని పట్టుకుంటుందా?" అని మర్యాదగా, నిర్మొహమాటంగా అడుగు. మంచి కమాండర్ ఆ ప్రశ్నకి సంతోషిస్తాడు.

ఒళ్ళంతా మూసే సూట్ వేసుకుని వైజాగ్ ఎండలో పనిచెయ్యడం అంటే ఏమిటో దగ్గర్నుంచి చూస్తే గానీ తెలీదు. బయటికొచ్చి బూటు విప్పి వంచితే చెమట నీళ్ళలా కారుతుంది. సిలిండర్ మీద రాసినంతసేపు గాలి రాదు, కష్టపడేవాడు త్వరగా పీల్చేస్తాడు. తక్కువ గాలి విజిల్ వచ్చేదాకా ఆగకుండా బయటికి వచ్చేలా టైమ్ రాసే మనిషిని బోర్డు దగ్గర నిలబెట్టు. లోపలికి వెళ్ళేముందు, వచ్చాక బీపీ, పల్స్ చూడ్డానికి 108 సిబ్బందిని అడుగు. నీడ, ఓఆర్ఎస్, చల్లటి మజ్జిగ సిద్ధంగా ఉంచు. బలగం వాళ్ళు డీకాన్ టెంట్ (ఒంటికంటిన రసాయనాన్ని కడిగే గుడారం) తెస్తారు, అందులోకి నీళ్ళు నువ్వే ఇవ్వాలి. 4,500 లీటర్ల వాటర్ టెండర్ ఒకటి దానికే కేటాయించు, మంటలకి దాన్ని లాక్కోనివ్వకు. కడిగిన నీళ్ళు గెడ్డలోకి పోకుండా గుంట తవ్వించు.

ఇంకో సంగతి గట్టిగా చెబుతున్నాను. జనంతో మాట్లాడేది ఒక్క నోరే అయ్యుండాలి. విపత్తు నిర్వహణ చట్టం, 2005 ప్రకారం జిల్లా అథారిటీకి అధ్యక్షుడు కలెక్టర్. బలగాన్ని పిలవడం, ఊరు ఖాళీ చేయించడం, ఏం చెప్పాలన్నది అక్కణ్ణించే రావాలి. మే 7 రాత్రి మళ్ళీ లీకైందన్న మాట పాకి, దూరదూరపు కాలనీల వాళ్ళు కూడా పిల్లల్ని చంకనేసుకుని రోడ్ల మీదికొచ్చేశారు. కంపెనీకి 2 కిలోమీటర్ల లోపలివాళ్ళు కదిలితే చాలని పోలీసులు సర్దిచెప్పాల్సి వచ్చింది. మైక్ నీ ముందు పెట్టినా సరే, కలెక్టర్ ఆఫీసుని అడగకుండా కిలోమీటర్ల లెక్క చెప్పకు.

మాక్ డ్రిల్‌లో కంపెనీవాళ్ళు చూపించే రిహార్సల్‌తో సరిపెట్టుకోకు. నెలలోపల కొండపావులూరు బెటాలియన్ వాళ్ళతో, నేవీ తూర్పు కమాండ్ వాళ్ళతో డ్రిల్ పెట్టించమని మీ జిల్లా అధికారికి రాయి. మనిషి ముఖం ముందే తెలిసి ఉంటే ఆ రాత్రి ఫోన్‌లో సగం మాటలు తగ్గుతాయి.

బలగం తిరిగి వెళ్ళేముందు వాళ్ళు తీసిన గ్యాస్ రీడింగులన్నీ టైమ్‌తో సహా సంతకం చేయించి తీసుకో. లోపలికి వెళ్ళొచ్చిన మన కుర్రాళ్ళ పేర్లు, ఎంతసేపు ఉన్నారో రాసి, రక్తపరీక్షలకి పంపు. బలగం వాళ్ళు బండెక్కి వెళ్ళిపోతారు, నువ్వు ఆ ఊళ్ళోనే ఉంటావు. మర్నాడు ఆడవాళ్ళు నీ దగ్గరికే వస్తారు, బిందెలో నీళ్ళు తాగొచ్చా, పెరట్లో కూర కొయ్యొచ్చా, గేదె పాలు పిల్లాడికి పట్టొచ్చా అని. నీకు తోచింది చెప్పి పంపకు. కాలుష్య నియంత్రణ మండలి చేత, వైద్య శాఖ చేత, పశువైద్యుడి చేత పరీక్ష చేయించి, జవాబు తెలుగులో రాయించి, పంచాయతీ ఆఫీసు గోడకి అంటించు. చదవడం రానివాళ్ళకి టముకు వేయించి చెప్పించు.

నీ మావయ్య