మూడేళ్ల పాపకు పన్నెండు ఛాయిస్‌లు: మొదట ఏది రాయాలి?

ప్రశ్న: మేం న్యూయార్క్‌లో, క్వీన్స్‌లో ఉంటాం. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, వీసా మీదే ఉన్నాం. మా పాపకు ఈ నవంబరులో మూడేళ్లు నిండుతాయి. మూడేళ్ల పిల్లల కోసం నగరం ఉచితంగా నడిపే 3-కె ప్రోగ్రామ్‌కి దరఖాస్తు మొదలుపెట్టాం. 12 ఛాయిస్‌లు రాయొచ్చట. మాకు వచ్చిన లాటరీ నంబరు ‘డి’ అక్షరంతో మొదలైంది. అది బాగా వెనకని తెలిసినవాళ్లు చెప్పారు. అందుకే పోటీ తక్కువగా ఉన్న బడిని మొదట రాసేద్దామంటున్నారు మావారు. నాకేమో మనసొప్పడం లేదు. ఇప్పుడు మంచి ప్రీస్కూల్ దొరక్కపోతే రేపు స్టైవెసెంట్ లాంటి పేరున్న ప్రభుత్వ హైస్కూళ్లకు దారి మూసుకుపోతుందా? చాలా టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి

జవాబు: అమ్మా, నాకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఎంసెట్ ర్యాంకుల గురించో, ఎంఎస్ అడ్మిషన్ల గురించో ఉంటాయి. ఇంకా డైపర్ మానని విద్యార్థి గురించి అడిగింది మీరే మొదలు. (అన్నట్టు, 3-కెలో చేరడానికి డైపర్ మాని ఉండాలన్న నిబంధన లేదు. ఆ బెంగ ఉంటే వదిలేయండి.)

ముందు మీవారి మాట తేల్చేద్దాం. మీ ఇద్దరిలో ఎవరో ఒకరు ఎంసెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకునే ఉంటారు. నలభై వేల ర్యాంకు వచ్చిన కుర్రాడు మొదటి ఆప్షన్‌గా ఉస్మానియా కంప్యూటర్ సైన్స్ పెట్టుకున్నాడనుకోండి. అక్కడ సీటు రాదు. అయినా వాడికి పోయిందేమిటి? కంప్యూటర్ వాడి రెండో ఆప్షన్‌కి వెళుతుంది, తర్వాత మూడోదానికి. అక్కడ కూడా చూసేది వాడి ర్యాంకునే గానీ ‘నన్ను రెండోదిగా రాశావు కదా’ అని ఏ కాలేజీ అలగదు. న్యూయార్క్ పద్ధతి కూడా ఈ విషయంలో అంతే. మీరు ఏ బడిని ఎన్నో స్థానంలో రాశారో ఆ బడివాళ్లకు కనిపించదు. ఒక బడిని మొదట రాసినంత మాత్రాన అక్కడ మీ పాప వరుసలో ముందుకు జరగదు, ఏడోదిగా రాస్తే వెనక్కి పోదు. పక్కింటివాళ్లు అదే బడిని మొదట రాసి, మీరు ఐదోదిగా రాసి, ముందు నాలుగూ మీకు రాకపోతే, ఆ ఐదోచోట మీ ఇద్దరిలో ఎవరి నంబరు ముందుంటే వాళ్లకే సీటు. మొదట రాసినవాళ్లకు కాదు.

ఈ పద్ధతికి మూలం 1962లో డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ రాసిన ఒక చిన్న గణితశాస్త్ర వ్యాసం. న్యూయార్క్ హైస్కూలు అడ్మిషన్లలోకి దీన్ని 2003లో తెచ్చినవారిలో ఆల్విన్ రాత్ ఒకరు. షాప్లీకీ రాత్‌కీ 2012లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. మీవారు చెప్పింది పూర్తిగా తప్పని కూడా అనను. బోస్టన్‌లో 2005 వరకు పాత పద్ధతి ఉండేది. అందులో మొదటి ఛాయిస్‌గా రాసినవాళ్లకే ముందు సీట్లు పంచేవారు. మొదటిది తప్పిందంటే రెండోచోట అప్పటికే సీట్లు నిండిపోయేవి. అలాంటి చోట సులువుగా వచ్చేదాన్ని ముందు రాయడం తెలివే. అక్కడ ఆ కిటుకు తెలిసిన తల్లిదండ్రులు బాగుపడ్డారు, తెలియనివాళ్లు నష్టపోయారు. అందుకే దాన్ని మార్చారు. మనవాళ్లలో మాత్రం ఆ కిటుకు ఇంకా తిరుగుతూనే ఉంది. ఫ్లషింగ్ గణేశ్ గుడి క్యాంటీన్‌లో దోశె తింటూ వినే సలహాల్లో సగం ఈ బాపతే. కాబట్టి, నిజంగా ఏ బడి ఎక్కువ నచ్చితే దాన్నే ముందు రాయండి. మనసొప్పడం లేదన్నారు చూడండి, మీ మనసే కరెక్టు.

ఇక నంబరు. 32 గుర్తుల పొడవున్న ఆ వరుసను చూసి చాలామంది బెదిరిపోతారు. చూడాల్సింది దాదాపు మొదటి గుర్తునే. అది 0 నుంచి 9 లోపు అంకె గానీ, ‘ఎ’ నుంచి ‘ఎఫ్’ లోపు అక్షరం గానీ అవుతుంది, మొత్తం పదహారు. సున్నా అన్నిటికన్నా ముందు, ‘ఎఫ్’ అన్నిటికన్నా చివర. ‘డి’ది పద్నాలుగో స్థానం. అంటే నూరుమందిలో సుమారు 81 మంది మీకన్నా ముందున్నట్టు. తెలిసినవాళ్లు చెప్పింది నిజమే, వెనకే. అబద్ధం చెప్పి ఓదార్చలేను.

కానీ ఈ నంబరు అందరినీ ఒకే వరుసలో నిలబెట్టేది కాదు. ముందు ప్రాధాన్య వర్గాలు, ఆ తర్వాతే నంబరు. ఇప్పటికే ఆ బడిలో ఉన్న పిల్లలు, అక్కడ చదువుతున్నవాళ్ల తోబుట్టువులు, బడిని బట్టి ఆ జోన్‌లోనో (బడి చుట్టూ గీసిన పరిధి) ఆ డిస్ట్రిక్ట్‌లోనో ఉండేవాళ్లు, ఇలా వర్గాలుంటాయి. ఒకే వర్గంలో ఉన్నవాళ్ల మధ్య పోటీ వచ్చినప్పుడే నంబరు పని. మన దగ్గర కేంద్రీయ విద్యాలయాల్లో ఒకటో తరగతికి ఆన్‌లైన్ లాటరీ తీస్తారు కదా, అక్కడా కేంద్ర ఉద్యోగుల పిల్లల వర్గం ముందు, మిగతావాళ్లు తర్వాత. అలాంటిదే. 3-కె తరగతికి 15 మందే పిల్లలు. ఒకే తరగతి ఉన్న పేరున్న బడిలో చెల్లెళ్లూ తమ్ముళ్లూ చేరాక మిగిలేవి ఎన్నో ఊహించుకోండి. అక్కడ సున్నాతో మొదలైన నంబరున్నవాళ్లకే గ్యారంటీ లేదు. అదే, సీట్లు నిండని చోట ‘ఎఫ్’ ఉన్నా పిలిచి ఇస్తారు.

అందుకని మీ నంబరు చూసి మార్చాల్సింది వరుసను కాదు, జాబితా పొడవును. వెబ్ ఆప్షన్లకీ దీనికీ ఉన్న అసలు తేడా ఇక్కడే ఉంది. అక్కడ వందలు పెట్టుకోవచ్చు, ఇక్కడ 12కే కట్. సున్నా వచ్చినవాళ్లు ఐదు రాసి ఊరుకున్నా నడుస్తుంది. మీరు పన్నెండూ నింపండి. పైన మీకు నచ్చినవి నచ్చిన వరుసలోనే ఉండనివ్వండి. కింది నాలుగైదు మాత్రం పోటీ తక్కువగా ఉండేవి, అయినా మీరు నిజంగా పంపగలిగేవి అయి ఉండాలి. దరఖాస్తు చేసే మైస్కూల్స్ సైటులోనే గత ఏడాది ఏ వర్గం దాకా సీట్లు వెళ్లాయో చాలా బడులకు చూపిస్తారు. అది ఒక్కసారి చూస్తే ఎక్కడ ఆశ ఉందో మీకే అర్థమవుతుంది. పంపడం ఇష్టంలేని బడిని కేవలం ఖాళీ నింపడానికి రాయకండి.

ఆలస్యమైందన్న కంగారు కూడా వద్దు. గడువులోపు ఎప్పుడు పంపినా ఒకటే, ముందొచ్చినవారికి ముందు అన్న లెక్క లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఉత్తరంలో మీరు బడుల పేరు ప్రతిష్ఠల గురించి అడిగారు గానీ మధ్యాహ్నం గురించి ఒక్క మాటా రాయలేదు. 3-కె రోజుకు 6 గంటల 20 నిమిషాలు. ఉదయం ఎనిమిదికి మొదలైతే రెండూ ఇరవైకి అయిపోతుంది. సెప్టెంబరు నుంచి జూన్ వరకే, సెలవులు పోను 180 రోజులు. మీ ఇద్దరి ఉద్యోగాలూ రెండూ ఇరవైకి అయిపోవు. పది గంటలపాటు, ఏడాది పొడుగునా నడిచే సీట్లు కూడా నగరం ఇస్తుంది గానీ వాటికి ఆదాయ పరిమితి ఉంది. ఇద్దరూ సంపాదిస్తున్న ఇళ్లు చాలావరకు అందులోకి రావు.

అమ్మమ్మనో నానమ్మనో పిలిపిద్దామనుకుంటున్నారేమో. విజిటర్ వీసా మీద మామూలుగా ఆరు నెలలు. సెప్టెంబరులో వస్తే ఫిబ్రవరి చివరికి ఊరి ప్రయాణం. సరిగ్గా చలికాలం జలుబులు ముదిరి, పాప వారానికి రెండు రోజులు ఇంట్లో ఉండే సమయం అది. ఆవిడకు మోకాళ్ల నొప్పులుంటే మంచు పడిన ఫుట్‌పాత్ మీద ఆరు బ్లాకులు స్ట్రోలర్ తోసుకెళ్లమని ఎలా అంటాం? నాకు బాగా తెలిసిన ఒక జంట ఊరంతా మెచ్చుకునే బడిలో సీటు వచ్చిందని సంబరపడ్డారు. అది ఇంటికి రెండు రైళ్ల దూరం. నవంబరు వచ్చేసరికి ఆ అబ్బాయి నాన్న రోజూ మధ్యాహ్నం మీటింగులో కెమెరా ఆపేసి సబ్‌వేలో నిలబడేవాడు. జనవరిలో వాళ్లే ఆ సీటు వదులుకొని ఇంటి వెనకవీధిలో ఉన్న సెంటర్‌కి మారారు. పిల్లవాడు రెండు రోజులు ఏడ్చాడు, మూడో రోజుకి మరిచిపోయాడు.

కాబట్టి బడుల్లో రకాలు తెలుసుకోండి. ప్రభుత్వ పాఠశాల భవనంలోనే నడిచే 3-కె ఒకటి. నగరమే విడిగా నడిపే ప్రీ-కె (కిండర్‌గార్టెన్‌కి ముందు తరగతి) సెంటర్లు మరొకటి. ప్రైవేటు డేకేర్లతో, సేవాసంస్థలతో ఒప్పందం చేసుకుని వాళ్ల దగ్గరే నడిపించేవి ఇంకొకటి. ఈ మూడో రకం చూసి మనవాళ్లు ముక్కు విరుస్తారు, ‘అది అసలు స్కూలే కాదు, డేకేర్’ అని. మీ పరిస్థితికి నేనైతే దాన్నే పైకి రాస్తాను. ఎందుకంటే అలాంటి చాలా చోట్ల ఉచిత గంటలు అయ్యాక ఫీజు తీసుకుని సాయంత్రం ఆరు దాకా అక్కడే ఉంచుకుంటారు. పాప చోటు మారక్కర్లేదు. ఉచితంగా ఇవ్వాల్సిన ఆ 6 గంటల 20 నిమిషాలకు మాత్రం పైసా అడగకూడదు. పై గంటలకు డబ్బు కడితేనే సీటు అనడానికీ వీల్లేదు. న్యూయార్క్‌లో డేకేర్ ఖర్చు ఏడాదికి ఇరవై వేల డాలర్లు దాటడం మామూలే కదా. సాయంత్రపు గంటలకు మాత్రమే కట్టినా మీకు మిగిలేది తక్కువేం కాదు.

చూడ్డానికి వెళ్లినప్పుడు గోడల మీది రంగుల చార్టులు చూసి మురిసిపోకండి. ఈ టీచరు ఇక్కడ ఎన్నేళ్ల నుంచి ఉన్నారో అడగండి. ఇలాంటి సెంటర్లలో జీతాలు చాలాకాలం ప్రభుత్వ పాఠశాలల కన్నా తక్కువగా ఉంటూ వచ్చాయి, దాంతో టీచర్లు మారిపోతుంటారు. మూడేళ్ల పిల్లకు ఏడాది మధ్యలో టీచరు మారడం ఎంత కష్టమో సిలబస్ కాగితంలో రాసి ఉండదు. మధ్యాహ్నం నిద్ర ఎలా, ఆరుబయట ఎంతసేపు ఆడిస్తారు, శాకాహారులైతే పిల్ల పళ్లెంలో ఏం పెడతారు, ఇవీ అడగండి. తెలుగు తప్ప రాదని ఇప్పట్నుంచీ ఇంట్లో ఇంగ్లిష్ మొదలుపెట్టకండి. బడిలో అది ఎలాగూ వచ్చేస్తుంది, తెలుగే రాదు. అయితే ఏ భాషలోనూ మాటలు రావడం లేదనిపిస్తే ఆగకండి. ప్రీస్కూల్ వయసు పిల్లలకు ప్రత్యేక విద్య కమిటీ ద్వారా ఉచితంగా పరీక్ష చేయించుకోవచ్చు. దానికి లాటరీతో పనిలేదు.

స్టైవెసెంట్ మాటకొస్తాను. అక్కడ సీటుకు ఎనిమిదో తరగతి పిల్లలు రాసే ప్రవేశ పరీక్షే లెక్క. 1971 నాటి రాష్ట్ర చట్టంలోనే అలా ఉంది. మూడేళ్లప్పుడు ఎక్కడ బొమ్మలేసిందో అడిగేవాళ్లుండరు. పైగా ఇప్పుడు దొరికిన సీటు కిండర్‌గార్టెన్ దాకా కూడా మిమ్మల్ని తీసుకెళ్లకపోవచ్చు. నాలుగేళ్లప్పుడు ప్రీ-కెకి మళ్లీ దరఖాస్తు, ఐదేళ్లప్పుడు కిండర్‌గార్టెన్‌కి ఇంకోటి. అదే చోట ప్రీ-కె ఉంటే అక్కడి పిల్లలకు ప్రాధాన్యం ఉంటుంది గానీ దరఖాస్తు మాత్రం తప్పదు. కిండర్‌గార్టెన్‌లో జోన్ ఉన్న బడుల్లో ఆ జోన్‌లో ఇల్లున్నవాళ్లదే ముందు వరుస, 3-కె అక్కడే చదివినా సరే. స్కూలు కోసం ఇల్లు మారే ఆలోచన ఉంటే దాన్ని కిండర్‌గార్టెన్ వరకు దాచుకోండి.

మీరు అడగలేదు గానీ వీసా సంగతీ చెబుతాను, ఇలాంటి ఉత్తరాల వెనక ఆ భయం తరచూ ఉంటుంది. ఈ ప్రోగ్రామ్‌కి ఇమిగ్రేషన్ స్థితి అడ్డు కాదు. న్యూయార్క్ నగరంలో నివాసం, పాప వయసు చూపిస్తే చాలు. పిల్లను ప్రభుత్వ బడిలో వేస్తే రేపు గ్రీన్‌కార్డుకు ఇబ్బంది అన్నది వట్టి పుకారు. నది అవతల న్యూజెర్సీలో మీ బంధువులుంటే వాళ్లకు ఈ 3-కె వర్తించదు. జెర్సీ సిటీలో మూడేళ్ల, నాలుగేళ్ల పిల్లలకు కోర్టు తీర్పు పుణ్యాన వచ్చిన ఉచిత ప్రీస్కూల్ విడిగా ఉంది, దాని దరఖాస్తు వేరు.

ఆఫర్లు మామూలుగా మే నెలలో వస్తాయి. మీ జాబితాలో ఆరోది వచ్చిందనుకోండి, పైన ఉన్న ఐదింటి వెయిట్‌లిస్టుల్లోకీ పాప పేరు దానంతటదే చేరిపోతుంది. వచ్చిన సీటు ఒప్పుకుంటే వెయిట్‌లిస్టులో పేరు పోతుందేమోనని కొందరు గడువు దాటనిస్తారు. పోదు. ఒప్పేసుకోండి, చిరునామాకు రెండు రుజువులు, పాప వయసు ధ్రువపత్రం సిద్ధంగా పెట్టుకోండి. వేసవిలో ఇళ్లు మారేవాళ్లుంటారు, మనసు మార్చుకునేవాళ్లుంటారు, సెప్టెంబరు దాకా ఫోన్లు వస్తూనే ఉంటాయి. తెలియని నంబరని కట్ చేయకండి.