ఎండాకు తెగులు ప్రశ్నతో మొదలైన చదువు

నరసన్నపేట మండలం నుంచి ఒక రైతు ఇలా రాశారు: "మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. తుఫాను తరువాత మా సాంబ మసూరి చేను ఎండాకు తెగులుతో పోయింది, గట్టు అవతలి చేను నిలబడింది. అది ఎలా తట్టుకుందో చదువుతానంటోంది. చుట్టాలేమో నీట్ లాంగ్ టర్మ్‌లో చేర్చమంటున్నారు. ఏం చేయమంటారు?"

మీ అమ్మాయిని ఆ ప్రశ్న వెంటే వెళ్లనివ్వండి. మనకున్నట్టు ఒళ్లంతా తిరిగే రక్షక కణాలు మొక్కకు లేవు కనుక, ప్రతి కణమూ తనను తానే కాపాడుకోవాలి. ఎండాకు తెగులు తెచ్చే బాక్టీరియా ఆకు అంచుల్లోని నీటి రంధ్రాల గుండానూ, గాలివానకు చిరిగిన చోట్ల నుంచీ లోపలికి చేరి, కణాల్లోకి తన ప్రొటీన్లను పంపి, చక్కెరను బయటికి వదిలే వరి జన్యువును తన కోసం పనిచేయించుకుంటుంది. ఆ జన్యువు ఎక్స్‌ఏ13 అనే రూపంలో ఉన్న వరిలో దాన్ని నడిపే భాగం మారి ఉంటుంది, అందువల్ల బాక్టీరియా ఎత్తు అక్కడ పారదు. 1995లో వెలికితీసిన ఎక్స్‌ఏ21 జన్యువు దారి వేరు: అది తయారుచేసే ప్రొటీన్ కణం పైపొరలో కాపలా ఉండి, బాక్టీరియా జాడ తెలియగానే కణాన్ని రక్షణకు సిద్ధం చేస్తుంది. ఈ రెండింటితో పాటు తెగులును తట్టుకునే మరో జన్యువు ఎక్స్‌ఏ5ను కూడా సంకరం ద్వారా చేర్చి, హైదరాబాద్‌లోని కణ జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి రూపొందించిన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి 2008లో విడుదలైంది. అవతలి చేనులో ఏ రకం వేశారో, యూరియా ఎంత చల్లారో అమ్మాయినే అడిగి రాసుకోమనండి.

తెగులు మళ్లీ కనిపిస్తే, ఎండిన భాగం పచ్చభాగాన్ని తాకేచోట ఆకును కోసి, గాజు గ్లాసులోని తేట నీటిలో నిలబెట్టించండి. కాసేపటికి కోసినచోటు నుంచి సన్నని పాలధారలా బాక్టీరియా దిగుతుంది. ఆ గ్లాసు దగ్గర ఆమె ఎంతసేపు కూర్చుంటుందో గమనించండి; మార్కుల కంటే దానినే నేను ఎక్కువగా నమ్ముతాను.

ఈఏపీసెట్ ద్వారా నాలుగేళ్ల బీఎస్సీ అగ్రికల్చర్ చదివించండి. శ్రీకాకుళం దగ్గరే నైరలో వ్యవసాయ కళాశాల ఉంది, రాగోలులో వరి మీద పనిచేసే పరిశోధన కేంద్రమూ ఉంది. తరువాత మొక్కల తెగుళ్ల విభాగంలో రెండేళ్ల ఎమ్మెస్సీ, ఆపైన పీహెచ్‌డీ. అంటే తొమ్మిదేళ్లకు తక్కువ కాదు, ఆ మాట ఇంట్లో ఇప్పుడే చెప్పుకోవాలి. మధ్యలో ఆగినా వ్యవసాయాధికారి పోస్టులు, విత్తన కంపెనీల ఉద్యోగాలు ఉంటాయి. డాక్టర్ కావాలని ఆమెకే లేనప్పుడు లాంగ్ టర్మ్‌కు ఒక ఏడాది పోగొట్టడం నాకు సమ్మతం కాదు.

వ్యవసాయ డిగ్రీ సీట్లలో రైతు కుటుంబాల పిల్లలకు ప్రత్యేక కోటా ఉంది కాబట్టి, పల్లెలో చదివినట్టు స్టడీ సర్టిఫికెట్లనూ, భూమి కాగితాలనూ పరీక్షలకు ముందే సిద్ధం చేసి ఉంచండి.