స్క్రిప్ట్ నడిపే ముందు ఇది చదువు

బిడ్డా,

మడికొండలో మీ ఆఫీసు సర్వర్ మీద పాత ఫైళ్లు తీసేసే షెల్ స్క్రిప్ట్, అదే వరుసగా నడిచే కమాండ్ల ఫైలు, నువ్వే రాస్తున్నావట, టైముకు పనులు నడిపే క్రాన్‌లో అది రోజూ రాత్రి దానంతటదే నడుస్తుందట. మీ అమ్మ ఫోన్‌లో మురిసిపోతూ చెప్పింది. నాకూ గర్వంగానే ఉంది. కానీ ‘తీసేసే’ అన్న మాట విన్నప్పటి నుంచి టెన్షన్ పట్టుకుంది.

చిన్నవి ముందే చెప్పేస్తా. వేరియబుల్‌కు విలువ ఇచ్చేటప్పుడు = గుర్తుకు అటూ ఇటూ ఖాళీ వదలకు. ఇఫ్ పక్కన వచ్చే స్క్వేర్ బ్రాకెట్ కూడా ఒక కమాండే, అందుకని దాని తర్వాత ఖాళీ ఉండాల్సిందే. ఇఫ్‌ను ఫైతో, ఫర్, వైల్ లూపులను డన్‌తో ముగించు. వీటిలో ఏది తప్పు రాసినా, కమాండ్లు నడిపే షెల్లే చాలావరకు ఎర్రర్ చూపిస్తుంది.

ఎర్రర్ చూపించినా ఆగకుండా ముందుకు పోయే తప్పులంటేనే నాకు భయం.

నేను పనిచేసిన ఆఫీసులో ఒక అబ్బాయి ఉండేవాడు, నీలాగే చురుకైనవాడు. నీలాంటి స్క్రిప్టే రాశాడు. ఒక లైన్‌లో సీడీతో బ్యాకప్ డిస్కులోని పాత ఫోల్డర్‌లోకి వెళ్లడం, తర్వాతి లైన్‌లో ఆర్‌ఎంతో అక్కడున్నవన్నీ తీసేయడం. నెలల తరబడి బాగానే నడిచింది. ఒకరోజు ఆ డిస్కును రిపేరుకు పంపారు. ఆ రాత్రి సీడీ ఫెయిలైంది. ఒక కమాండ్ ఫెయిలైనంత మాత్రాన షెల్ ఆగదు బిడ్డా, తర్వాతి లైన్‌కు పోతుంది. క్రాన్ పని మొదలయ్యేది ఆ అకౌంట్ హోమ్ డైరెక్టరీలో, అంటే దాని సొంత ఫోల్డర్‌లో. ఆర్‌ఎం అక్కడున్న ఫైళ్లన్నీ తుడిచిపెట్టింది. పొద్దున ఆ రెండు లైన్లే మళ్లీ మళ్లీ చదువుతూ, చెమటలు కారుతున్నా తుడుచుకోకుండా కూర్చున్నాడు. తప్పు ఎక్కడుందో దొరకడం లేదు, ఎందుకంటే విడివిడిగా చూస్తే రెండు లైన్లూ కరెక్టే. డిస్కు తిరిగొచ్చాక పాతవి దొరికాయి. ఆ వారం ఎంట్రీలు మాత్రం రిజిస్టర్లు ముందేసుకుని అందరం మళ్లీ కొట్టాం. ఎవరూ వాణ్ని తిట్టలేదు, అయినా చాలా రోజులు తలెత్తి మాట్లాడలేదు.

అందుకే సీడీ పక్కన రెండు నిలువు గీతలు పెట్టి ఎగ్జిట్ 1 అని రాయి. వెళ్లలేకపోతే స్క్రిప్ట్ అక్కడే ఆగిపోతుంది. ప్రతి కమాండూ ముగిసేటప్పుడు ఒక అంకె ఇచ్చిపోతుంది: 0 అయితే పని అయినట్టు, ఇంకేదైనా కాలేదన్నట్టు. ఇఫ్ చూసేది ఆ అంకెనే. నువ్వు కాలేజీలో సీ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్నావు కదా, అక్కడ 0 అంటే అబద్ధం. ఇక్కడ దానికి పూర్తిగా రివర్స్, జాగ్రత్త. ఫైల్ పేరున్న వేరియబుల్‌ను డబుల్ కోట్స్‌లో పెట్టు, లేకపోతే మధ్యలో ఖాళీ ఉన్న పేరు రెండుగా విడిపోతుంది. విలువే ఇవ్వని వేరియబుల్ వాడితే ఆగిపోయేలా పైనే సెట్ -యు రాయి.

నీకు తొందరెక్కువ. ఇంటర్ పరీక్షల్లో కూడా పేపరు ఒక్కసారి తిరిగి చూసుకోమంటే వినేదానివి కాదు. ఈసారి వినాలి. ఆర్‌ఎం ముందు ఎకో పెట్టి నడుపు, ఏమీ పోకుండా ఏయే ఫైళ్లు పోతాయో తెర మీద కనిపిస్తాయి. ఒక్కొక్క పేరూ చదువు. మీ టీమ్‌లో ఇంకొకరితో కూడా చదివించు, అడగడానికి మొహమాటపడకు. ఆదివారం హన్మకొండ రా, అత్తయ్య నీకిష్టమైన సర్వపిండి చేస్తానంది. ఎక్కడైనా అనుమానముంటే కూర్చుని మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఆ ఎకో తీయకు.

మీ మామయ్య