పుంజు సంగతి తర్వాత, ముందు పెట్టలు చూపించు

ఒరేయ్ చిన్నోడా,

ఫోటో చూశాను. డేగ పుంజు బాగుంది, మెడ నిటారుగా, తురాయి నెత్తికి అంటుకుని ముద్దగా, కాళ్ళు దిట్టంగా మన పందెంకోళ్ళ జాతి అసీల్ లాగే ఉంది. దానికెంత పోశావో చెప్పావు గానీ పెట్టల ఫోటో ఒక్కటీ లేదేంట్రా? మీ పెదనాన్నా ఇంతే, పుంజు కోసం ఊళ్ళు తిరిగేవారు, పెట్ట మాత్రం పెరట్లో ఏదుంటే అదే. మన ఇంట్లో జాతి పాడైంది అక్కడే.

పిల్లలో సగం తల్లిదే కదా. ఎముక బలం, ఎత్తు పెట్టలో చూసుకో, తను పొదిగిన పిల్లల్ని ఎలా కాచుకుందో అడుగు, రంగు ఆఖర్న చూడు. నాలుగు మంచి పెట్టలకి ఒక్క పుంజు చాలు. పుంజుని మారిస్తే మూడు వారాలు ఆగి అప్పుడు గుడ్లు పొదగెయ్యి, అందాకా పెట్టినవాటిలో పాత పుంజు పిల్లలు కూడా ఉండొచ్చు, పెరిగాక ఏది దేనిదో తెలియక జుట్టు పీక్కుంటావు.

అసీల్ పెట్ట ఏడాదికి 40 గుడ్లు పెట్టడమే గగనం. అందుకే జనం వేరే కోళ్ళతో కలిపేస్తారు. హైదరాబాద్ రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థ వాళ్ళ వనరాజా, గ్రామప్రియ కోళ్ళు మంచివే, గుడ్ల కోసం పెంచుకో, కాకపోతే వేరే దడిలో. పెరూ దేశపు జాతితో కలిపిన పెరూ క్రాస్ అని ఎవరైనా తెస్తే అదీ అంతే, నీ పెట్టల దగ్గరికి రానివ్వకు.

అలాగని ఒకే ఇంటి కోళ్ళని వాటిలో వాటికే జత వెయ్యకు. నేను అలా కొన్నేళ్ళు చేస్తే చివరికి పిల్లలు గుడ్డులోనే చచ్చిపోవడం మొదలైంది. వేరే ఊళ్ళో పెంచేవాళ్ళతో పుంజుని మార్చుకో. ప్రతి పిల్ల కాలికి రంగు రింగు వేసి, తల్లి ఏదో తండ్రి ఏదో నోట్‌బుక్‌లో రాయి, మనసులో గుర్తుంటుందిలే అనుకోకు.

ఇక కొక్కెర తెగులు. ఒకసారి సంతలో రెండు పెట్టలు కొని తెచ్చి ఆ సాయంత్రమే మందలో వదిలేశాను, వారం తిరిగేసరికి 26 కోళ్ళలో 5 మిగిలాయి. కొత్త కోడి ఏదైనా మూడు వారాలు విడిగానే ఉండాలి, దాని నీళ్ళ ముంత కూడా వేరే. ఈ తెగులు రాకుండా పిల్లలకి 7వ రోజున లసోటా టీకా కంట్లో చుక్క, 8 వారాలకి ఆర్‌టూబీ టీకా ఇంజెక్షన్. టీకా ఐసులో పెట్టి తెచ్చుకో, ఎండ తగిలిందంటే వేసినా వెయ్యనట్టే.

అసీల్ పిల్లలు చిన్నప్పుడే కొట్టుకుంటాయి, నెత్తురు కనిపిస్తే వెంటనే విడదీసి గంపల కింద మూసెయ్. మేతకి నూకలు, చోళ్ళు సరిపోతాయి. పాత కుండలో తడిపిన గడ్డి, పేడ కుక్కి చెదలున్నచోట బోర్లిస్తే తెల్లారేసరికి చెదలు పట్టి ఉంటాయి, పిల్లలకి అంతకన్నా మంచి మేత నేను చూడలేదు.

సంక్రాంతి ముందు పందేలవాళ్ళు వస్తారు, మెరికల్లాంటి పుంజునే అడుగుతారు. పందెం ఎలాగూ చట్టం ఒప్పదు, అసలు మంచిదాన్ని అమ్ముకున్నాక నీ దగ్గర ఏం మిగులుతుంది?

మా నల్ల పెట్ట నిన్ననే 9 గుడ్ల మీద కూర్చుంది. 21 రోజులకి పిల్లలు దిగుతాయి, రెండు నెలలు నా దగ్గరే ఉంచి టీకాలన్నీ వేయిస్తాను. తర్వాత వచ్చి రెండు పెట్టపిల్లల్ని పట్టుకెళ్ళు. పుంజుపిల్లని మాత్రం అడగకు.

మీ పెద్దమ్మ